అమంత్రక వివాహ విచారము

కొన్ని నెలల క్రిందట, పూర్వము నాయొద్ద లఘుకౌముది చదివిన శిష్యుఁ డొకఁడు వచ్చి, తాను పెండ్లి చేసికొనఁబోవుచున్నాననియు, వధూవరు లిరువురకును మంత్రములయందు నమ్మకము లేదనియు, అయినను బెద్దల యెదుట, బంధుమిత్రుల నడుమ, అర్థవంతముగా నా కార్యమును జరుపుకొనఁ గోరుచున్నామనియుఁ జెప్పి, “గురువుగారూ, హోమము లేని పెండ్లి పెండ్లి యగునా? మేము నమ్మని మాటను అగ్నియెదుటఁ బలుకుట యసత్యము గాదా?” అని యడిగెను. నేను నిత్యము సంధ్య వార్చువాఁడను. నా వివాహము గృహ్యసూత్రోక్తముగా జరిగినది. కావునఁ దొలుత నాకుఁ గోపమే వచ్చినది. అయిన నాతని రెండవ ప్రశ్నకు వెంటనే ప్రత్యుత్తర మీయఁజాలనైతిని. అసత్యమును వర్జింపవలెనని వానికి బోధించినవాఁడను నేనే కదా! అందువలన శబ్దశాస్త్రమును, ధర్మశాస్త్రమును, ఇటీవలి చట్టములను వరుసగాఁ బరిశీలించి, నాకుఁ దోఁచిన యంశములను బాఠకుల ముందుంచుచున్నాను.

ముందుగా శబ్దమును విచారింతము. వివాహశబ్దము విపూర్వకమగు వహధాతువుపై ఘఞ్ ప్రత్యయము చేరుటచే నిష్పన్నమైనది. కన్యను బుట్టినింటినుండి తోడుకొనిపోవుట యని దీని యవయవార్థము. ఉద్వాహశబ్దమును నట్టిదే. పరిణయ మనఁగాఁ జుట్టును నడపించుట. పాణిగ్రహణ మనఁగాఁ జేయి పట్టుట. తోడుకొనిపోవుట, నడపుట, పట్టుట యను నీ మూఁడును లౌకికక్రియలే. పరిణయమునందు మాత్రము ‘దేనిచుట్టు’ నను నాకాంక్ష పుట్టి, యగ్ని యధ్యాహార్య మగుచున్నది. ఇఁక మన పెండ్లిశబ్దమునందు యజ్ఞప్రసక్తియే లేదు. తమిళమున ‘పెణ్’ అని స్త్రీవాచకము. మన పెండ్లి, పెండ్లాము అను మాటలు నా మూలమునకే చేరినవి.

పాణినిమహర్షి యీ విషయమున రెండు తెఱఁగుల వ్యవహారమును గుర్తించినట్లు కానవచ్చును. ఉపసర్గయగు ‘ఉప’తోఁ గూడిన యమధాతువునకు, తనదిగాఁ జేసికొనుట యను నర్థమున నాతఁ డాత్మనేపదమును విధించెను. భార్యను స్వీకరించుచున్నాఁడనుటకు ‘ఉపయచ్ఛతే’ యని ప్రయోగము. ఇచ్చట స్వీకారమే ప్రధానము. అగ్ని ప్రస్తావము లేదు. మఱియొకచోటఁ బతిశబ్దమునుండి పత్నీశబ్దమును సాధించునపుడు మాత్రము, యజ్ఞసంబంధ మున్నప్పుడే యని నియమము పెట్టెను. అనఁగా భర్తతోఁ గూడి యాగమున నధికారము గలదియే పత్ని.

ఈ నియమమున కొక చిక్కు కలదు. యజ్ఞాధికారము లేనివాని యిల్లాలినిఁ గూడ లోకము పత్ని యనియే పిలుచుచుండెను. ఆ ప్రయోగ మెట్లు సాధువగును? భాష్యకారుఁడగు పతంజలి యీ శంకను దానే యెత్తి, లోకవ్యవహారమును ద్రోసివేయక, ఉపమానముచే నది సిద్ధించునని సమాధానము చెప్పెను. పత్నిని బోలినది గావున నామెయుఁ బత్నియే యని తాత్పర్యము. రెండువేల యేండ్లకుఁ బూర్వమే, హోమము లేని గృహస్థుని భార్యకు వ్యాకరణము గౌరవనామమును నిరాకరింపలేదని దీనివలనఁ దెలియుచున్నది.

అయినను వ్యాకరణము స్వీకారమాత్రముతోఁ దృప్తి పడలేదు. పాణిగృహీతీ, పాణిగృహీతా యను రెండు రూపములు గలవు. వార్తికమును, దానిపైఁ గాశికావృత్తియు వీని భేదమును జెప్పినవి. ఙీష్ ప్రత్యయము వచ్చినచో భార్య. టాప్ వచ్చినచో నేదో విధముగాఁ జేయి పట్టుకొనఁబడిన స్త్రీ. ఒక్క ప్రత్యయమున నామె స్థితియే మాఱిపోవుచున్నది. చేయి పట్టుట రెండింటను సమానమే; మఱి యీ భేదమును గలిగించున దేది? అమంత్రక వివాహచరిత్ర యంతయు నీ యొక్క ప్రశ్నకు సమాధానమును వెదకుటయే.

ధర్మశాస్త్రకారు లీ ప్రశ్నకు నేకవాక్యముగా నుత్తర మీయలేదు. మనుస్మృతి యష్టమాధ్యాయమునఁ బాణిగ్రహణమంత్రములే భార్యాత్వమునకు నిశ్చితలక్షణ మనియు, ఏడవ యడుగుతో నది పూర్తియగు ననియుఁ జెప్పఁబడినది. ఆ స్మృతియందే పంచమాధ్యాయమున, వివాహమందలి స్వస్త్యయనాదులు మంగళార్థములే యనియు, స్వామ్యమునకుఁ గారణము దానమే యనియుఁ జెప్పఁబడినది. ఆశ్వలాయనుఁడు దేశాచార, గ్రామాచారములు పలువిధము లనియు, వానిని బెండ్లిలో ననుసరింపవలె ననియు విధించెను. నేఁడు మనవారు వివాహమునకుఁ బ్రాణమని తలఁచు మంగళసూత్రము గృహ్యసూత్రములలోఁ గానరాదు. జీలకఱ్ఱ బెల్లమును నట్టిదే. అవి లోకము తెచ్చి శాస్త్రముపై నుంచిన సొమ్ములు.

మఱి గాంధర్వవివాహము మాటయేమి? అన్యోన్యేచ్ఛయే దానికి లక్షణము. అష్టవిధములలో దానికిఁ జోటు గలదు. కాని శకుంతల కథను దలఁచుకొనుఁడు. కణ్వుఁ డాక్షేపింపలేదు, శాస్త్రమును దప్పు పట్టలేదు. రాజు మాత్రము నిండుసభలో నామె నెఱుఁగ ననెను. మహాభారతమున నాకాశవాణి పలుకవలసి వచ్చెను. కాళిదాసు నాటకమున నుంగరము దొరకవలసి వచ్చెను. ఆ వివాహమునకుఁ గొఱఁతపడినది మంత్రము గాదు, సాక్షి. అగ్నిని సాక్షిగా నిలుపుటలోని లౌకికప్రయోజన మిదియే యని నా యభిప్రాయము. దేవుని విడిచినవాఁడైనను సాక్షిని విడువరాదు.

పాశ్చాత్యదేశములలో నీ సాక్షిత్వమును రాజ్యము వహించినది. ఫ్రాన్సు 1792లో వివాహమును లౌకికాధికారి యెదుట జరుగు కార్యముగా నొనర్చెను. ఇంగ్లండున 1836 నాఁటి చట్టము రిజిస్ట్రారు నెదుటఁ బెండ్లికిఁ దావొసఁగెను. మన దేశమున నీ విషయము బ్రహ్మసమాజమువారి యిక్కట్టునుండి పుట్టినది. విగ్రహారాధనమును విడిచినవారు తమ వివాహములు చెల్లునో చెల్లవో యని శంకించిరి. కేశవచంద్రసేనుని ప్రోద్బలమున 1868లో సర్ హెన్రీ మెయిన్ ముసాయిదాను బ్రవేశపెట్టెను. ఆందోళనము చెలరేఁగి, తుదకు 1872లో నది మూఁడవ చట్టముగాఁ బరిణమించెను. దాని ప్రకారము వధూవరులు తాము క్రైస్తవ, యూద, హిందూ, మహమ్మదీయ, పారసీక, బౌద్ధ, సిక్కు, జైన మతములలో దేనికిని జెందినవారము గామని ప్రకటింపవలెను. ఆదిబ్రహ్మసమాజమువారు తాము హిందువులమే యని యీ మార్గమున కొప్పుకొనలేదు. నమ్మని మంత్రమును బలుకలేక వచ్చినవాఁడు, మనసులో హిందువే యైనచో, రిజిస్ట్రారు నెదుట మఱియొక యసత్యమును బలుకవలసి వచ్చెను! నా శిష్యుని ప్రశ్న యిచ్చట తలక్రిందుగా నిలిచినది. ఆ చట్టమునకై పాటుపడిన కేశవచంద్రుఁడే 1878లో తన కూఁతును, చట్టము నిర్ణయించిన పదునాలుగేండ్లు నిండకమున్నే, కూచ్ బిహార్ రాజున కిచ్చి వివాహము చేయఁగా, సమాజము చీలి సాధారణ బ్రహ్మసమాజ మేర్పడెను.

ఆ యసత్యమును దొలఁగించినది 1923 నాఁటి సవరణము. హరిసింగ్ గౌర్ కృషివలన హిందూ, బౌద్ధ, సిక్కు, జైనులు తమ మతమును నిరాకరింపకయే యీ పద్ధతిని బెండ్లాడ వీలు కలిగెను. కాని దానికి వెల గట్టిరి. అట్లు పెండ్లాడినవాఁ డవిభక్తకుటుంబమునుండి వేఱుపడినట్లే. దత్తత చేసికొను హక్కు లేదు. అతఁ డేకపుత్రుఁడైనచోఁ దండ్రి వేఱొకని దత్తు తీసికొనవచ్చును. చట్టము చేయి చాఁచినదేగాని, యింటి తలుపు మూసినది.

తమిళదేశమున రాజ్యముకొఱకు వేచియుండక జనులే వేఱొక త్రోవ త్రొక్కిరి. ఇ. వె. రామస్వామి నడపిన యాత్మగౌరవోద్యమమున, 1928 మొదలుకొని, పురోహితుఁడును మంత్రమును లేకుండ, సభయెదుట వధూవరులు మాట యిచ్చిపుచ్చుకొని దండలు మార్చుకొనుచుఁ బెండ్లాడిరి. సాక్షులు వందలకొలఁది గలరు. అయినను 1953లో మదరాసు హైకోర్టు, ఇట్టి వివాహము శాస్త్రోక్తమును గాదు, చిరకాలాచారసిద్ధమును గాదు గావునఁ జెల్లదని తీర్పు చెప్పెను. పాణిగృహీతీ యని యూరంతయుఁ బిలిచిన యిల్లాండ్రు న్యాయస్థానమునఁ బాణిగృహీతలుగా మిగిలిరి. వారి బిడ్డల దాయభాగమును సంశయములోఁ బడెను. శకుంతలకు నాకాశవాణి పలికినట్లు, వీరికి శాసనసభ పలుకుటకుఁ బదునాలుగేండ్లు పట్టినది. అన్నాదురై ప్రభుత్వము 1967లోఁ జేసిన సవరణము 1968లో నమలునకు వచ్చి, బంధుమిత్రుల యెదుటఁ దమకుఁ దెలిసిన భాషలోఁ బరస్పరస్వీకారమును జెప్పుకొనుట గాని, దండయో యుంగరమో మార్చుకొనుట గాని, తాళి కట్టుట గాని వివాహసిద్ధికిఁ జాలునని విధించెను. వెనుకటి వివాహములను సయితము స్థిరపఱిచెను. అది తమిళనాట వర్తించునదే కాని తెలుఁగునాట వర్తింపదని మనవారు గుర్తింపవలెను.

మన నాఁట సంస్కరణము వేఱు సోపానముల నెక్కినది. 1881 డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు జరిపించిన తొలి వితంతువివాహము మంత్రపూర్వకమే. మంత్రమును విడుచుట కాదు, అది నిరాకరింపఁబడినవారికి దానిని ఇప్పించుటయే వారి పోరాటము. తరువాతఁ ద్రిపురనేని రామస్వామి చౌదరిగారు వివాహవిధి యను గ్రంథమును రచించి, పెండ్లిపద్ధతిని దెలుఁగునఁ గూర్చి, స్వయముగాఁ బెక్కు వివాహములు జరిపించిరి. వధూవరులకుఁ దెలియని మాట వారి నోటఁ బలికింపరాదన్న తత్త్వ మందుఁ గలదు. మూఁడవ సోపానము గోరాగా రని ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారిది. నాస్తికులైన వారు తమ పెద్దకూఁతురు వివాహమును హరిజన యువకునితో నిశ్చయింపఁగా, గాంధీమహాత్ముఁడు దానిని సేవాగ్రామమున జరిపింప నంగీకరించి, దైవనామమునకు బదులు సత్యనామమును నిలుపుట కొప్పుకొనెను. 1948 జనవరి 30వ తేదిని మహాత్ముఁడు హతుఁడయ్యెను. అయినను నా మార్చినెలలో నా వివాహము సేవాగ్రామమునందే జరిగినది. ఆస్తికశిఖామణియు, నాస్తికుఁడును సత్యమను నొక్క పదముకడఁ గలిసికొనుట కంటె నీ చరిత్రలో నాకుఁ బ్రియమైన ఘట్టము లేదు.

1954 నాఁటి ప్రత్యేక వివాహచట్టము మతముతో నిమిత్తము లేకుండ నెవరికైనను ద్వారము తెఱచినది. అవిభక్తకుటుంబమునుండి వేఱుపడుట యను దండనము, ఇరువురును హిందువులైనచో, 1976 నాఁటి సవరణముచేఁ దొలఁగినది. వరునకు 21, వధువునకు 18 ఏండ్లు నిండవలెను. ఇరువురిలో నొకరు కనీసము ముప్పది దినములు నివసించిన జిల్లాలోని వివాహాధికారికి నోటీసు నీయవలెను. ఆక్షేపణములకు ముప్పది దినముల గడువు గలదు. నోటీసు నిచ్చిన మూఁడు నెలలలోపలఁ బెండ్లి జరుగవలెను. ముగ్గురు సాక్షులు వలయును. పద్ధతి వధూవరుల యిష్టము. కాని యధికారి యెదుట, సాక్షుల యెదుట, వారికిఁ దెలిసిన భాషలో, నిన్ను భార్యగా, భర్తగా స్వీకరించుచున్నానని యొండొరులతోఁ బలికిననే వివాహము సిద్ధించును. అదనపు రుసుము చెల్లించినచో సమీపమున వారు కోరినచోటికి నధికారి రావచ్చును.

ఇచ్చట నొక ప్రమాదమును జెప్పకున్న దోషము. కొందఱు యువకులు, హిందూవివాహచట్టము క్రింద నమోదు చేయించుకొన్నఁ జాలునని తలంతురు. ఆ 1955 నాఁటి చట్ట మాచారవిధిని గోరునది. విధి జరుగనిదే నమోదుపత్రము మాత్రమున వివాహము సిద్ధింపదని 2024 ఏప్రిలులో సుప్రీంకోర్టు స్పష్టముగాఁ దీర్పు చెప్పినది. కావున మంత్రమును వలదనువాఁడు 1954 నాఁటి మార్గమునే పట్టవలెను. లేకున్న శకుంతల యుంగరము మఱల నీటఁ బడును.

పూర్వపక్షి యిట్లు ప్రశ్నింపవచ్చును: మంత్రము పోయిన పిదప మిగులునది కేవలము కరారు గాదా? కరారు వేఱు, స్వీకారము వేఱు. కరారునందు వస్తువును, గడువును నిర్ణయింతురు. స్వీకారమునందు మనుష్యుఁడు మనుష్యుని దనవాఁడుగాఁ జేసికొనును. 1954 నాఁటి చట్టము పలుకుమన్న వాక్యమున క్రియ యేది? స్వీకరించుచున్నాననుటయే. పాణిని యాత్మనేపదమును విధించిన యర్థము నదియే. ఆత్మనేపదమున క్రియాఫలము కర్తకే చెందును. కాఁబట్టి చెప్పినమాట భారమును జెప్పినవానిదే యగును. పురోహితుఁడు పలికింపఁగాఁ బలికినదానికంటె నిది తేలిక యని యెవ్వరును దలంపరాదు.

నా శిష్యునకు నే నిట్లు చెప్పి పంపితిని: “నాయనా, ముహూర్తమునకుఁ బంచాంగము చూడకుము, నోటీసు గడువు చూడుము. బంధువులను వేడుకకుఁ గాక సాక్ష్యమునకుఁ బిలువుము. పలుకఁబోవు మాటలను మీ రిరువురును గూర్చుండి మంచి తెలుఁగున వ్రాసికొనుఁడు. నమ్మని దొక్కటియు నందుండరాదు, వ్రాసినది యొక్కటియుఁ దప్పరాదు.” అతఁడా వాక్యములను దిద్దుమని నాకుఁ బంపెను. రెండు విభక్తులు మాత్రము సవరించితిని. పెండ్లికిఁ బోయి మొదటి సాక్షిగా సంతకము చేసితిని. ఆ సాయంకాలము యథావిధిగా సంధ్య వార్చుకొంటిని. ఈ రెండింటికిని విరోధ మున్నట్లు నాకుఁ దోఁపలేదు. నా యూహలలో దోషమున్నచో విద్వాంసులు సవరింతురుగాక.