మాటల్లేని పాటకు ముదిమిలో వచ్చిన పేరు: ఎడ్వార్డ్ హిల్ ఉదంతం

2010 తొలి నెలల్లో ఒక పాత సోవియట్ టీవీ పాట యూట్యూబ్ ద్వారా దేశదేశాలకూ పాకింది. గోధుమరంగు సూటు, పసుపు టై వేసుకున్న గాయకుడు నడుచుకుంటూ తెర మీదికొస్తాడు. నవ్వు చెదరకుండా, ఒక్క మాటైనా లేని రాగం అందుకుంటాడు. పాడటం అయ్యాక చెయ్యి ఊపి వెళ్లిపోతాడు. జనం 'మిస్టర్ ట్రొలొలొ' అని పేరు పెట్టిన ఆ మనిషి ఎడ్వార్డ్ హిల్. అప్పటికి ఆయన వయసు 75.

మరుగున పడ్డ గాయకుణ్ణి ఇంటర్నెట్ వెలికితీసిందన్న కథనం అప్పుడే స్థిరపడింది. అందులో నిలిచేది సగమే. 1934లో స్మోలెన్స్క్‌లో పుట్టిన హిల్, యుద్ధకాలంలో తల్లికి దూరమై అనాథాశ్రమంలో పెరిగారు. 1960లో లెనిన్‌గ్రాద్ సంగీత కళాశాలలో చదువు ముగించారు. 1974లో 'రష్యా ప్రజా కళాకారుడు' బిరుదు అందుకున్నారు. సోవియట్ వ్యవస్థ కూలాక కచేరీలు తగ్గి, 1990లలో పారిస్‌లోని 'రస్పుతిన్' క్యాబరేలో పాడాల్సి వచ్చింది. కాబట్టి వెలుగు తగ్గిన మాట నిజం. అనామకుడన్న మాట మాత్రం రష్యా బయటి శ్రోతలకే చెల్లుతుంది.

పాటలో మాటలెందుకు లేవు? అర్కాదీ ఒస్త్రోవ్‌స్కీ 1966లో కట్టిన బాణీ ఇది. గుర్రమెక్కి ఇంటికి పోతున్న అమెరికన్ కౌబాయ్ గురించి మొదట సాహిత్యం ఉండేదనీ, ప్రచ్ఛన్న యుద్ధపు రోజుల్లో అది సెన్సారు దాటదని మాటలు తీసేశారనీ ఒక కథనం. సంగీతం ముఖ్యమా, సాహిత్యమా అని గీత రచయిత లెవ్ ఒషానిన్‌తో పంతం పడి, స్వరకర్తే మాటలు వదిలేశాడని మరొకటి. రెండూ దశాబ్దాల తర్వాత చెప్పిన జ్ఞాపకాలే. ఒస్త్రోవ్‌స్కీ 1967లోనే పోయాడు. ఆయన్ని అడిగే వీలూ లేదు. 'ఎట్టకేలకు ఇంటికి తిరిగి వస్తున్నందుకు ఎంతో సంతోషం' అన్న అర్థమొచ్చే శీర్షిక ఎలాగూ ఉంది గనక, ఏదో కథ మనసులో ఉండే బాణీ కట్టి ఉండాలి. అయితే 'నిషిద్ధ గీతం' అనడం అతిశయోక్తి. ముస్లిం మగొమాయెవ్, వలేరీ ఒబొద్జీన్‌స్కీ వంటి పేరున్నవాళ్లూ దీన్ని పాడారు.

భాష అడ్డు లేకపోవడమే దీన్ని ప్రపంచమంతా తిప్పిందని చాలామంది అంటారు. సబబైన మాటే, కానీ చాలదు. మగొమాయెవ్ పాడినదీ మాటల్లేని పాటే. దానికి ఈ గతి పట్టలేదు. తేడా ఆ దృశ్యంలో ఉందనుకోవాలి: వెలిసిన రంగులు, బిగించిన నవ్వు, అవసరానికి మించిన ఉత్సాహం. ఏదో లింకు అని నొక్కితే ఈ వీడియో తెరుచుకునేలా చేసి ఆటపట్టించడం వల్లా ఇది పాకింది. మొదట్లో జనం ఆయనతో కలిసి కాదు, ఆయన్ని చూసి నవ్వారనే నా అభిప్రాయం.

హిల్ మాత్రం చిన్నబుచ్చుకోలేదు. మనవడు ఇంట్లో ఆ బాణీ కూనిరాగం తీస్తుంటే సంగతి తెలిసిందని చెప్పారు. పైగా, తలా కొన్ని మాటలు రాయండి, అందరం కలిసి పాడుకుందాం అని నెటిజన్లనే కోరారు. నవ్వులాటను ఆదరణగా మలిచింది ఈ పెద్దరికమే కావచ్చు. 2012 జూన్ 4న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కన్నుమూశారు. 2017లో ఆయన పుట్టినరోజున గూగుల్ డూడుల్ వేసింది.

ఆయన గొంతు విలువ తేల్చుకోవాలంటే ఈ ఒక్క వీడియోతో ఆగకండి. 'జిమా', 'లెసొరూబీ' పాటలు కూడా వినండి.