స్కానింగ్‌కి పరగడుపున వెళ్లాలా? నీళ్లు తాగి వెళ్లాలా? పిఠాపురం వాసులు తప్పక తెలుసుకోవాల్సిన విషయాలివే..

పిఠాపురం: డాక్టర్ చీటీ మీద ఒకటే ముక్క ఉంటుంది.. 'అల్ట్రాసౌండ్ స్కానింగ్'. అది పట్టుకుని పొద్దున్నే ఉప్పాడ నుంచో, గొల్లప్రోలు నుంచో బస్సెక్కి పట్నానికి వస్తారు. తీరా కౌంటర్‌లో 'ఏమైనా తిన్నారా?' అని అడిగితే 'టీ ఒక్కటే తాగామండి' అంటారు. 'అయితే రేపు పరగడుపున రండి' అన్న మాటతో ఆ రోజు కూలి, బస్సు చార్జీలు రెండూ పోయినట్టే. ఇంకొందరికి సరిగ్గా దీనికి రివర్స్. నీళ్లు తాగి ఆపుకుని రావాల్సిన స్కాన్‌కి బాత్రూమ్‌కి వెళ్లొచ్చి కూర్చుంటారు. కారణం ఒక్కటే.. స్కానింగ్ అంటే అన్నీ ఒకటి కాదు. ఏ భాగానికి తీస్తున్నారన్న దాన్ని బట్టి ముందు జాగ్రత్తలు మారిపోతాయి.

ఏ స్కాన్‌కి ఎలా వెళ్లాలి?

* పొట్ట పైభాగం (కాలేయం, పిత్తాశయం, క్లోమం): 6 నుంచి 8 గంటలు ఏమీ తినకూడదు. తిన్న వెంటనే పిత్తాశయం ముడుచుకుపోతుంది. లోపల రాళ్లుంటే సరిగ్గా కనిపించవు. పాలు, టీ, కాఫీ కూడా తిండి కిందే లెక్క. గ్యాస్ పట్టినా బొమ్మ సరిగ్గా రాదు.

* పొత్తికడుపు (గర్భాశయం, అండాశయాలు, మూత్రాశయం, ప్రోస్టేట్): గంట ముందు మూడు నాలుగు గ్లాసుల నీళ్లు తాగి, మూత్రానికి వెళ్లకుండా ఆగాలి. నిండిన మూత్రాశయం అద్దంలా పనిచేసి వెనకున్న భాగాలను చూపిస్తుంది.

* పొట్ట మొత్తం: ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. తిండి మానాలి.. కానీ నీళ్లు తాగాలి. రెండూ పాటించాలి.

* థైరాయిడ్, రొమ్ము, కాళ్ల నరాలకు తీసే డాప్లర్: సాధారణంగా ప్రత్యేక జాగ్రత్తలు అక్కర్లేదు. మెడకు తీసేటప్పుడు గొలుసులు తీసేయాలి, అంతే.

షుగర్ ఉన్నవాళ్లు పరగడుపున మాత్ర వేసుకోవాలా, ఇన్సులిన్ తీసుకోవాలా అన్నది ముందురోజే డాక్టర్‌ని అడగాలి. పొద్దున మొదటి టైమ్ ఇమ్మని అడిగితే ఇంకా మంచిది. ఫోన్ చేసి టైమ్ తీసుకునేటప్పుడే 'ఏ స్కాన్, ఎలా రావాలి?' అని ఒక్క మాట అడిగితే రెండోసారి తిరగాల్సిన పని ఉండదు.

గర్భిణులకు ఏ వారంలో ఏ స్కాన్?

మొదటి మూడు నెలల్లో తీసే స్కాన్‌తో గర్భం వయసు, కాన్పు తేదీ తేలుతాయి. 11 నుంచి 14 వారాల మధ్య ఎన్టీ స్కాన్, 18 నుంచి 22 వారాల మధ్య టిఫా స్కాన్ చేస్తారు. టిఫాలో బిడ్డ తల, వెన్నెముక, గుండె, కిడ్నీలు, కాళ్లూ చేతులు ఒక్కొక్కటిగా చూస్తారు. అందుకే టైమ్ పడుతుంది. బిడ్డ అడ్డంగా తిరిగి ఉంటే కాసేపు నడిచి రమ్మంటారు. కంగారుపడక్కర్లేదు.

24 వారాల్లోపు ఒక్క స్కాన్ అయినా చేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. పని ఒత్తిడిలోనో, డబ్బుల కోసమో టిఫాను వాయిదా వేస్తే నష్టమే. ఏదైనా లోపం బయటపడితే పెద్దాసుపత్రిలో రెండో అభిప్రాయానికి, నిర్ణయానికి వారాలు మిగలవు. 2021లో సవరించిన గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం 24 వారాలు దాటాక బిడ్డకు తీవ్ర లోపం ఉందని తేలితే మెడికల్ బోర్డు అనుమతి తప్పనిసరి.

వెంట ఏం తీసుకెళ్లాలి?

డాక్టర్ చీటీ, ఆధార్, పాత స్కాన్ రిపోర్టులు, ఏఎన్ఎం ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు. ఆఖరి నెలసరి తేదీ గుర్తుపెట్టుకోండి, మొదట అడిగేది అదే. వదులు బట్టలు వేసుకుంటే ఇబ్బంది ఉండదు. పొట్ట మీద చల్లటి జెల్ రాసి ప్రోబ్‌తో చూస్తారు. ఎక్స్‌రేలా రేడియేషన్ ఉండదు, ధ్వని తరంగాలే. నొప్పి ఉండదు. గర్భం తొలి వారాల్లో ఒక్కోసారి యోని ద్వారా స్కాన్ అవసరమవుతుంది. దానికి మూత్రాశయం ఖాళీగా ఉండాలి. ముందే చెప్పి ఒప్పుకున్నాకే చేయాలి. పక్కన ఒక మహిళ ఉండాలని అడగడం పేషెంట్ హక్కు.

'బాబా? పాపా?' అని అడగొద్దు

గర్భిణికి స్కాన్ చేసే ప్రతి సెంటర్ ఫారం-ఎఫ్ నింపాలి. బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలని లేదంటూ తల్లి సంతకం చేయాలి. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం చెప్పినవారికి 3 ఏళ్ల వరకు జైలు, 10 వేల వరకు జరిమానా. అడిగినవారికీ 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల వరకు జరిమానా. గర్భిణిని భర్తో, బంధువులో బలవంతపెట్టారనే కోర్టు ముందుగా భావిస్తుంది. అంటే అత్తింటివాళ్లు అడగమన్నా ఇరుక్కునేది వాళ్లే. మాయ ముందుందా, వెనకుందా.. గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోంది.. అని రిపోర్టు చూసి లెక్కలు వేయడం కూడా ఉత్త నమ్మకమే.

ఉచితంగా ఎక్కడ?

ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమంలోనూ పరీక్షలకు డబ్బులు తీసుకోకూడదు. పిఠాపురం ప్రభుత్వాసుపత్రిలో ఆ రోజు స్కాన్ ఉందో లేదో ఆశా కార్యకర్తను అడిగి బయల్దేరితే మేలు. ఇక్కడ కుదరకపోతే సుమారు 20 కిలోమీటర్ల దూరంలో కాకినాడ జీజీహెచ్ ఉంది. పిఠాపురంలోని 30 పడకల ఆసుపత్రిని 100 పడకల ఏరియా ఆసుపత్రిగా మార్చే పనులకు 2025లో శంకుస్థాపన జరిగింది.

రిపోర్టు చేతికొచ్చాక చివర్లో 'ఇంప్రెషన్' అని ఉండే నాలుగు లైన్లే అసలు సారాంశం. వాటిని నెట్‌లో వెతికి భయపడే కన్నా, స్కాన్ రాసిన డాక్టర్‌కే చూపించాలి. ఫిల్మ్, రిపోర్టు రెండూ కాన్పు దాకా దాచుకోవాలి. వచ్చే స్కాన్‌లో బిడ్డ ఎంత ఎదిగిందో పోల్చి చూసేది వాటితోనే.