తెలుగు నేలలో ఉద్యాన కళాశాలల పుట్టుక

పండ్లు, కూరగాయలు, పూలు, సుగంధ ద్రవ్య పంటల సాగును శాస్త్రబద్ధంగా నేర్పే ఉద్యాన విద్య తెలుగు నేలలో చాలాకాలం వ్యవసాయ విద్యలో ఒక శాఖగానే సాగింది. 1945లో ఏర్పడిన బాపట్ల వ్యవసాయ కళాశాల, 1964లో హైదరాబాదులో నెలకొన్న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ చదువుకు పునాది వేయగా, తోటల సాగు విస్తరించి, కోత అనంతర నిర్వహణకు, అంటే కోసిన పంటను చెడకుండా నిల్వచేసి సంతకు చేర్చే పద్ధతులకు, ప్రాధాన్యం పెరిగేకొద్దీ ప్రత్యేక విద్యాసంస్థల అవసరం స్పష్టమైంది. తెలుగు నేల వెలుపల 1985లోనే హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్ సమీపాన ఉద్యాన, అటవీ విద్యల విశ్వవిద్యాలయం ఏర్పడగా, 2007లో పశ్చిమ గోదావరి జిల్లా వెంకటరామన్నగూడెం కేంద్రంగా ఆంధ్రప్రదేశ్‌కూ, రాష్ట్ర విభజన తరువాత సిద్దిపేట జిల్లా ములుగు కేంద్రంగా తెలంగాణకూ ఉద్యాన విశ్వవిద్యాలయాలు సమకూరాయి.

కళాశాలను ఎంచుకునే విద్యార్థి ఈ చరిత్రతో పాటు ఆ చదువు స్వభావాన్నీ తప్పక గమనించాలి. ఒక మొక్క కొమ్మను మరొక మొక్క వేరుమూలంపై అతికించే అంటుకట్టు విద్య, కొమ్మ కత్తిరింపు వంటివి పుస్తకంతో కాక చేతితో అబ్బేవి కాబట్టి, రైల్వే కోడూరు మామిడి, అరటి తోటల చెంతనున్న అనంతరాజుపేట ఉద్యాన కళాశాలలో వలె చుట్టూ పంటా, పక్కనే పరిశోధనా ఉన్న కళాశాలే, పేరుప్రతిష్ఠల కంటే ముందుగా, ఎంచదగినది.