రెండు భాషల మధ్య ఒక జాబితా: జావా–స్కాలా కలెక్షన్ల మార్పిడి చరిత్ర

యూనిట్ 7

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• జావా, స్కాలా భాషల్లో కలెక్షన్లు రెండు వేర్వేరు పద్ధతుల్లో ఎందుకు రూపొందాయో చెప్పగలుగుతారు.
• తొడుగుకూ నకలుకూ ఉన్న తేడాను సొంత ఉదాహరణతో వివరించగలుగుతారు.
• కనిపించని మార్పిడి పోయి కనిపించే మార్పిడి ఎందుకు నిలిచిందో విశ్లేషించగలుగుతారు.
• ఇదే సమస్యకు ఇతర భాషలు చూపిన పరిష్కారాలను పోల్చగలుగుతారు.

7.1 పరిచయం

శ్రీ సత్యసాయి జిల్లాలోని అగళి కర్ణాటక సరిహద్దు మండలం. అక్కడ తెలుగు, కన్నడం రెండూ వినబడతాయి. అటువంటి ఊళ్లో పాలు పోసేవారి పేర్ల జాబితా ఒకటి కన్నడంలో ఉందనుకోండి. తెలుగు మాత్రమే చదవగలిగిన గుమాస్తాకు అది కావాలి. దీనికి రెండు దారులున్నాయి. కన్నడం వచ్చిన వారిని పక్కన కూర్చోబెట్టుకొని, కావలసినప్పుడల్లా అదే కాగితాన్ని చదివించుకోవచ్చు. లేదా మొత్తం జాబితాను ఒకేసారి తెలుగు లిపిలో రాయించుకోవచ్చు.

మొదటి దారిలో కాగితం ఒక్కటే. దానిలో కొత్త పేరు చేరితే గుమాస్తాకు కూడా తెలుస్తుంది. కాని ప్రతిసారీ చదివేవారి అవసరం ఉంటుంది. రెండో దారిలో కాగితాలు రెండు. రాయించుకొన్నాక ఎవరి సాయమూ అక్కరలేదు. కాని రేపు కన్నడ జాబితాలో చేరిన పేరు తెలుగు జాబితాలోకి దానంతట అది రాదు.

ప్రోగ్రామింగ్ భాషల మధ్య కలెక్షన్లు మారేటప్పుడు ఎదురయ్యే ప్రశ్న కూడా ఇదే. కలెక్షన్ అంటే అనేక విలువలను ఒకచోట ఉంచే నిర్మాణం. జాబితా, సమితి, మ్యాప్ ముఖ్యమైన కలెక్షన్లు. ఈ యూనిట్‌లో మొదటి దారిని ‘తొడుగు’ అనీ, రెండో దారిని ‘నకలు’ అనీ పిలుద్దాం. తొడుగునే ప్రోగ్రామర్లు రాపర్ అంటారు.

7.2 సరిపోలిక ఎప్పుడూ పూర్తిగా ఉండదు

మార్పిడిలో మరో చిక్కు ఉంది. ఒక వైపున్న వస్తువుకు రెండో వైపు జత ఉండకపోవచ్చు. తెలుగు, కన్నడ లిపులనే చూడండి. భారతీయ లిపుల కోసం రూపొందిన ఇస్కీ సంకేత పద్ధతి ఆధారంగా యూనికోడ్ ఈ రెండు లిపుల అక్షరాలను ఒకే వరసలో అమర్చింది. తెలుగు ‘అ’ సంఖ్య 3077. కన్నడ ‘అ’ సంఖ్య 3205. తేడా 128. మిగిలిన చాలా అక్షరాలకు కూడా ఇదే తేడా. కనుక 128 కలిపితే తెలుగు పాఠం కన్నడ లిపిలోకి మారుతుందని తోస్తుంది.

కాని 2008లో వచ్చిన యూనికోడ్ 5.1లో తెలుగుకు ౘ, ౙ అనే అక్షరాలు చేరాయి. వాటి సంఖ్యలు 3160, 3161. వీటికి 128 కలిపితే వచ్చే స్థానాల్లో కన్నడ అక్షరాలు లేవు. మార్పిడి చేసే ప్రోగ్రాం వాటిని మామూలు ‘చ’, ‘జ’లుగా మార్చిందనుకోండి. అదే పాఠాన్ని తిరిగి తెలుగులోకి తెచ్చినప్పుడు ౘ, ౙలు రావు. వెళ్లినది వెళ్లినట్టు తిరిగి రావడం మార్పిడికి గట్టి పరీక్ష. కలెక్షన్ల విషయంలో కూడా ఈ పరీక్షను గుర్తుంచుకోండి.

7.3 జావా కలెక్షన్లు (1996–2004)

జావా తొలి వెర్షన్ 1996 జనవరిలో వెలువడింది. అందులో వెక్టర్, హ్యాష్‌టేబుల్ వంటి కొన్ని తరగతులు మాత్రమే ఉండేవి. అవి ఒకే నమూనాను అనుసరించి కట్టినవి కావు. 1998 డిసెంబరులో వచ్చిన 1.2 వెర్షన్‌లో ‘కలెక్షన్స్ ఫ్రేమ్‌వర్క్’ చేరింది. దీని రూపకల్పనకు జాషువా బ్లాక్ నాయకత్వం వహించాడు. జాబితా, సమితి, మ్యాప్ అనే ఇంటర్‌ఫేస్‌లు ఇక్కడే స్థిరపడ్డాయి. 2004లో వచ్చిన జావా 5లో జెనెరిక్స్ చేరాయి. దానితో జాబితాలో ఏ రకం విలువలు ఉండాలో ముందే ప్రకటించడం సాధ్యమైంది.

ఈ ఫ్రేమ్‌వర్క్‌లోని ఒక నిర్ణయం మన చర్చకు ముఖ్యం. జావా జాబితా ఇంటర్‌ఫేస్‌లోనే చేర్చడం, తీసివేయడం అనే చర్యలు ఉన్నాయి. మార్చరాని జాబితాకు వేరే ఇంటర్‌ఫేస్ లేదు. మార్చరాని జాబితాలో విలువను చేర్చబోతే కంపైలర్ అడ్డుకోదు. ప్రోగ్రాం నడిచేటప్పుడు ‘ఈ చర్యకు మద్దతు లేదు’ అనే ఎక్సెప్షన్ వస్తుంది.

తొడుగు అనే ఆలోచన కూడా జావాలో అప్పటికే ఉంది. ‘అరేస్’ తరగతిలోని ‘యాజ్‌లిస్ట్’ పద్ధతి అరేను జాబితాగా చూపుతుంది. విలువలను నకలు చేయదు. ఆ జాబితాలో ఒక విలువను మారిస్తే అసలు అరేలో కూడా మారుతుంది.

7.4 స్కాలా రాక (2001–2010)

స్విట్జర్లాండ్‌లోని లోజాన్ నగరంలో ఉన్న ఇపిఎఫ్ఎల్ సంస్థలో మార్టిన్ ఒడెర్‌స్కీ 2001లో స్కాలా రూపకల్పన మొదలుపెట్టాడు. జావా జెనెరిక్స్‌కు పునాది వేసినవారిలో ఆయన ఒకడు. స్కాలా 2004లో ప్రజలకు అందింది. అది జావా వర్చువల్ మెషీన్‌పైనే నడుస్తుంది. దీన్నే జెవిఎం అంటారు. స్కాలా ప్రోగ్రాం కూడా జావా ప్రోగ్రాంలాగే బైట్‌కోడ్‌గా మారుతుంది. అందువల్ల జావాలో అప్పటికే రాసిన లైబ్రరీలన్నీ స్కాలా వాడకందారులకు అందుబాటులోకి వచ్చాయి.

లైబ్రరీలు అందాయిగాని కలెక్షన్లు కలవలేదు. స్కాలా ప్రమేయ ప్రోగ్రామింగ్‌కు పెద్దపీట వేసింది. అందులో సాధారణంగా వాడే జాబితా మార్చరానిది. ఒక విలువ చేర్చాలంటే కొత్త జాబితా తయారవుతుంది, పాతది పాతగానే ఉంటుంది. మార్చదగిన కలెక్షన్లకు వేరే రకాలు ఉన్నాయి. 2010 జులైలో వచ్చిన స్కాలా 2.8 ఈ కలెక్షన్ల వ్యవస్థను పూర్తిగా పునర్నిర్మించింది.

ఈ విధంగా ఒకే జెవిఎంపై రెండు కలెక్షన్ల కుటుంబాలు నిలిచాయి. జావా లైబ్రరీ తన జాబితానే అడుగుతుంది. స్కాలా ప్రోగ్రామర్ చేతిలో తన జాబితా ఉంటుంది. మధ్యలో వంతెన తప్పనిసరి అయింది.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని యూనిట్ చివర ఇచ్చిన సమాధానంతో సరిపోల్చుకోండి.
1. జావాలో మార్చరాని జాబితాలో విలువ చేర్చబోతే ఏమవుతుంది?

7.5 కనిపించని మార్పిడి, కనిపించే మార్పిడి (2010–2019)

స్కాలా 2.8లో ‘జావాకన్వర్షన్స్’ అనే వంతెన వచ్చింది. ఫైలు మొదట్లో ఒక్క వరస రాస్తే చాలు. జావా జాబితా కావలసిన చోట స్కాలా జాబితా ఇస్తే కంపైలరే తొడుగు వేస్తుంది. మార్పిడి జరిగినట్టు ప్రోగ్రాం పాఠంలో ఎక్కడా కనిపించదు. ప్రోగ్రామర్లకు ఇది మొదట్లో ఎంతో హాయిగా తోచింది.

అదే సంవత్సరం నవంబరులో వచ్చిన 2.8.1 వెర్షన్‌లో ‘జావాకన్వర్టర్స్’ అనే రెండో వంతెన చేరింది. ఇందులో మార్పిడిని ప్రోగ్రామరే అడగాలి. జావా జాబితా పక్కన ‘యాజ్‌స్కాలా’ అని రాస్తే స్కాలా తొడుగు వస్తుంది. స్కాలా జాబితా పక్కన ‘యాజ్‌జావా’ అని రాస్తే జావా తొడుగు వస్తుంది. రెండు వంతెనలూ వేసేది తొడుగులే. తేడా అంతా మార్పిడి కంటికి కనిపిస్తుందా లేదా అన్నదే.

ఈ చిన్న తేడా ఎంత దూరం తీసుకుపోతుందో చూడండి. హాల్‌టికెట్ నంబరును పాఠ్యంగా ఉంచి, దానికి మార్కులను జతపరచిన స్కాలా మ్యాప్ ఒకటి ఉందనుకుందాం. ప్రోగ్రామర్ పొరపాటున నంబరును పూర్ణాంకంగా ఇచ్చి వెతికాడు. స్కాలా సొంత పద్ధతి ‘కంటెయిన్స్’ వాడితే, రకం సరిపోలేదని కంపైలర్ అక్కడే ఆపుతుంది. కాని అతడు జావా అలవాటుతో ‘కంటెయిన్స్‌కీ’ అని రాశాడు. స్కాలా మ్యాప్‌కు ఆ పద్ధతి లేదు. మామూలుగా అయితే ఇది కూడా దోషంగా బయటపడాలి. కాని జావాకన్వర్షన్స్ ఉన్న ఫైలులో కంపైలర్ చెప్పకుండా జావా తొడుగు వేస్తుంది. జావా ‘కంటెయిన్స్‌కీ’ ఏ రకం విలువనైనా అంగీకరిస్తుంది. ప్రోగ్రాం నడుస్తుంది, ప్రతి నంబరుకూ ‘లేదు’ అనే జవాబు వస్తుంది. పరీక్ష రాసిన విద్యార్థులందరూ రాయనివారుగా కనబడతారు. దోష సందేశం మాత్రం ఎక్కడా ఉండదు.

ఇటువంటి అనుభవాల వల్ల స్కాలా సమాజం క్రమంగా రెండో వంతెన వైపు మొగ్గింది. 2016లో వచ్చిన 2.12 వెర్షన్‌లో జావాకన్వర్షన్స్ వాడవద్దని కంపైలర్ హెచ్చరించడం మొదలైంది. 2019 జూన్‌లో వచ్చిన 2.13లో దాన్ని పూర్తిగా తొలగించారు. కనిపించే మార్పిడి ‘స్కాలా.జెడికె.కలెక్షన్‌కన్వర్టర్స్’ అనే కొత్త పేరుతో స్థిరపడింది. సౌకర్యం కోసం వచ్చినది తొమ్మిదేళ్లలో భాష నుండి వైదొలగింది. నాలుగు అక్షరాలు ఎక్కువ రాయవలసి వచ్చినా, మార్పిడి ఎక్కడ జరుగుతోందో చదివేవారికి తెలియడమే మేలని అనుభవం తేల్చింది.

7.6 కనిపించే మార్పిడిలో కూడా జాగ్రత్తలు

‘యాజ్‌జావా’ అని రాసినంత మాత్రాన సమస్యలన్నీ తీరవు. ఈ కింది నాలుగు అంశాలను ప్రత్యేకంగా గమనించండి.

(అ) తొడుగు కింద వస్తువు ఒక్కటే. జావా జాబితాను ‘యాజ్‌స్కాలా’తో తీసుకొన్న తరవాత జావా వైపు మార్పు జరిగితే స్కాలా వైపు కూడా కనిపిస్తుంది. అలా వద్దనుకొంటే వెంటనే ‘టులిస్ట్’ అని చేర్చి మార్చరాని నకలు తీసుకోవాలి.

(ఆ) తిరిగి రావడం. మార్చదగిన స్కాలా బఫర్ జావాకు వెళ్లి తిరిగి వస్తే అసలు బఫరే చేతికొస్తుంది. మార్చరాని స్కాలా జాబితా వెళ్లి తిరిగి వస్తే బఫర్ అనే రకంతో వస్తుంది. రకాన్ని బట్టి విలువ చేర్చవచ్చని తోస్తుంది. చేర్చబోతే ఎక్సెప్షన్ వస్తుంది. 7.2లో చెప్పిన పరీక్షలో ఇది నెగ్గదు.

(ఇ) పై పొర మాత్రమే మారుతుంది. జాబితాల జాబితాను మారిస్తే బయటి జాబితాకే తొడుగు పడుతుంది. లోపలివి పాత భాషకు చెందినవిగానే ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా మార్చుకోవాలి.

(ఈ) ఖర్చు. తొడుగు వేయడం చౌక, కాని వాడే తీరును బట్టి ఖర్చు పెరుగుతుంది. స్కాలా జాబితా గొలుసు వంటిది. అందులో ఒక స్థానానికి చేరాలంటే మొదటి నుండి నడవాలి. 10,000 విలువలున్న జాబితాకు జావా తొడుగు వేసి, జావా ప్రోగ్రాం ఒక్కొక్క స్థానాన్నీ సంఖ్యతో అడిగితే 0 నుండి 9,999 వరకు అన్నీ కూడినన్ని అడుగులు, అంటే 4,99,95,000 అడుగులు నడవాలి. ముందే ఒక అరే జాబితాలోకి నకలు తీసుకొంటే ఆ పనికి 10,000 అడుగులు చాలు. ఆ తరవాత ఏ స్థానానికైనా నేరుగా చేరవచ్చు.

కనుక ‘తొడుగు మంచిదా, నకలు మంచిదా’ అనే ప్రశ్నకు ఒకే జవాబు లేదు. అవతలివారు చేసే మార్పులు మీకు తెలియాలా, ఆ కలెక్షన్‌ను ఎన్నిసార్లు, ఏ తీరులో చదువుతారు అనే రెండు ప్రశ్నలు వేసుకొని నిర్ణయించాలి.

7.7 ఇతర భాషల మార్గాలు

2007లో రిచ్ హిక్కీ విడుదల చేసిన క్లోజర్ కూడా జెవిఎంపై నడిచే భాషే. దాని వెక్టర్ జావా జాబితా ఇంటర్‌ఫేస్‌ను నేరుగా అమలుచేస్తుంది. చదవడానికి మార్పిడి అక్కరలేదు. మార్చబోతే మాత్రం ఎక్సెప్షన్ వస్తుంది.

జెట్‌బ్రెయిన్స్ సంస్థ 2011లో ప్రకటించిన కాట్లిన్ 2016 ఫిబ్రవరిలో 1.0 వెర్షన్‌కు చేరింది. ఇందులో చదవడానికి మాత్రమే ఉద్దేశించిన జాబితా, మార్చదగిన జాబితా అని రెండు రకాలు ఉన్నాయి. ప్రోగ్రాం నడిచేటప్పుడు రెండూ జావా జాబితాలే. కాబట్టి మార్పిడి ఖర్చు లేదు. అయితే ‘చదవడానికి మాత్రమే’ అనే హామీ కాట్లిన్ కంపైలర్ వరకే. జావా వైపుకు చేరిన తరవాత ఆ జాబితాను మార్చే అవకాశం ఉంటుంది.

భాషలు ఒకే జెవిఎంపై లేకపోతే దూరం ఇంకా పెరుగుతుంది. పై4జె అనే లైబ్రరీ పైథాన్‌నూ జావానూ సాకెట్ ద్వారా కలుపుతుంది. 2009లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మొదలైన స్పార్క్‌ను స్కాలాలో రాశారు. దాని పైథాన్ రూపం పై4జెనే వాడుతుంది. ఇక్కడ జావా జాబితా పైథాన్‌లో తొడుగుగా కనిపిస్తుంది. ఒక్కొక్క విలువ కోసం సాకెట్ దాటవలసి ఉంటుంది. పైథాన్ జాబితాను జావాకు పంపేటప్పుడు నకలు తీస్తుంది. ఆ మార్పిడి కూడా దానంతట అది జరగదు, ప్రోగ్రామర్ కోరితేనే జరుగుతుంది. స్కాలా తొమ్మిదేళ్లకు చేరిన నిర్ణయాన్నే ఇక్కడ కూడా చూస్తున్నాం.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
2. కాట్లిన్‌లో మార్పిడి ఖర్చు ఎందుకు లేదు?

7.8 సారాంశం

జావా, స్కాలా ఒకే జెవిఎంపై నడిచినా వాటి కలెక్షన్లు వేర్వేరు ఆలోచనలతో పుట్టాయి. జావా జాబితా మార్పును సహజంగా భావించింది. స్కాలా జాబితా మార్చరానితనాన్ని కోరింది. వీటి మధ్య 2010లో వచ్చిన రెండు వంతెనల్లో కనిపించనిది 2019లో తొలగిపోయింది, కనిపించేది నిలిచింది. మార్పిడి కంటపడేలా ఉన్నప్పుడే అది తొడుగా, నకలా, తిరిగి వచ్చేటప్పుడు ఏం పోతుంది అని అడిగే వీలు కలుగుతుంది. మీరు ఏ రెండు భాషలను కలిపి ప్రోగ్రాం రాసినా సరిహద్దు దగ్గర ఈ ప్రశ్నలు వేసుకోండి.

7.9 మీ ప్రగతిని తెలుసుకోండి – సమాధానాలు

1. కంపైలర్ అడ్డుకోదు. ప్రోగ్రాం నడిచేటప్పుడు ఎక్సెప్షన్ వస్తుంది.
2. కాట్లిన్ జాబితాలు నడిచేటప్పుడు జావా జాబితాలే కాబట్టి.

7.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. స్కాలాలో కనిపించని మార్పిడి తొలగిపోవడానికి దారితీసిన కారణాలను చర్చించండి.
2. క్లోజర్, కాట్లిన్, పై4జె అనుసరించిన మార్గాలను పోల్చండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. తొడుగుకూ నకలుకూ తేడాను మీ ఊరి ఉదాహరణతో వివరించండి.
2. ‘వెళ్లినది వెళ్లినట్టు తిరిగి రావడం’ అనే పరీక్షను లిపి మార్పిడి, కలెక్షన్ల మార్పిడి రెండింటికీ అన్వయించండి.