విద్యాదానమును, దాని ద్వారమును: చెన్నపురి చరిత్రలో కొన్ని ఘట్టములు

దానములన్నింటిలో విద్యాదానము మిన్న యని మన పెద్దలు చెప్పుదురు. అయినను విద్యాదాన చరిత్రమును వ్రాయువారు తఱచుగా దాత పేరును, ఇచ్చిన మొత్తమును పేర్కొని విరమింతురు. ఆ సొమ్ముతో నిలిచిన విద్యాలయపు వాకిటిలో నెవరిని లోనికి రానిచ్చిరి, ఎవరిని వెలుపల నిలిపిరి అని అడుగువారు తక్కువ. చెన్నపురిలో తెలుగు పాఠములు చెప్పుకొనుచు కాలము గడుపుచున్న నాకు, దానముయొక్క విలువను ఆ ద్వారముయొక్క వెడల్పునుబట్టియే కొలువవలెనని తోచినది. అట్లు కొలుచుటకు పనికివచ్చు కొన్ని ఘట్టములను పాఠకుల యెదుట నుంచుచున్నాను.

1839వ సంవత్సరమున ఈ నగరవాసులు డెబ్బదివేల సంతకములతో నొక మహజరును గవర్నరు ఎల్ఫిన్‌స్టన్ ప్రభువునకు సమర్పించిరి. ఉన్నతవిద్య కావలెనని వారి కోరిక. దాని ఫలితముగా 1841లో ప్రభుత్వ ఉన్నతపాఠశాల వెలసి, కాలక్రమమున ప్రెసిడెన్సీ కళాశాలగా వృద్ధిచెందెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. ఈ విద్య వెనుక ధనవంతుల ధనమొక్కటియే కాక వేలకొలది సామాన్యుల సంతకము కూడ నున్నదని మనము మఱవరాదు.

ఆ కాలముననే గాజుల లక్ష్మీనరసు సెట్టిగారు 1844లో ‘క్రెసెంటు’ పత్రికను స్థాపించిరి. ప్రజల పన్నులతో నడచు పాఠశాలలలో క్రైస్తవ మతగ్రంథమును పాఠ్యముగా నుంచవలెనను ప్రయత్నము జరిగినపుడు, ఆయన సభలు చేయించి, అర్జీలు పంపించి దాని నెదిరించెను. అందఱి ధనముతో నడచు బడి అందఱిదిగా నుండవలెనను న్యాయము ఆ వాదమునం దిమిడి యున్నది.

ఆ న్యాయమును మనవారు తమ సొంత ధర్మములందు పాటించిరా? పచ్చయప్ప మొదలియారుగారు 1794లో పరమపదించిరి. ఆయన ధర్మనిధి దీర్ఘకాలము వ్యాజ్యములలో చిక్కి, తుదకు న్యాయస్థానము పూనికవలన మిగులుధనము విద్యకు వినియోగమై, 1842లో పాఠశాలగా రూపొందినది. ఆయన తెలుగువాడు కాకపోయినను ఆ వాకిలి తెలుగు బాలురకును తెఱచియే యుండెను. భాషనుబట్టి అచ్చట అడ్డు లేదు, మతమునుబట్టి ఉండెను. 1947 వఱకు అచ్చట హిందువులకే ప్రవేశము. ఇది యొకరిని నిందించుటకు చెప్పినది కాదు. అట్టి నిబంధన ఆనాటి ధర్మములందు వింత కాదు. దాత గతించిన తరువాత కూడ నిబంధన బ్రదికి యుండునని, దానిని మార్చుటకు నూఱేండ్లు పట్టవచ్చునని తెలియుటకు ఇది చాలును.

కాకినాడలో ఇందుకు భిన్నమైన దృష్టాంతము కలదు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకొన్న రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు 1904 మొదలు 1919 వఱకు పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులుగా నుండిరి. స్త్రీలకును, అంటరానివారని సంఘము వెలివేసిన కుటుంబముల బిడ్డలకును అచ్చట చోటు కల్పించిరి. రాజావారి ధనము, నాయుడుగారి ధర్మము కలిసినవి. ధనము మాత్రమే యున్నచో భవనము లేచెడిది. ధర్మము తోడైనందున వాకిలి వెడల్పైనది. అట్టి ఆచార్యుడే 1925లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడగుట చెన్నపురికి గౌరవము.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడెను. దానికి జయపురాధీశ్వరులు విక్రమదేవవర్మగారు ఏటేట లక్ష రూపాయల విరాళమును ఏర్పఱచిరి. ఆయన రాజ్యము ఓఢ్రదేశమునందున్నది. విరాళము పొందినది ఆంధ్రుల విద్యాసంస్థ. భాషాసరిహద్దులు దానమునకు అడ్డు రాలేదు. అయినను అంతటి విరాళముగల సంస్థలోనికి ఒక స్త్రీ ప్రవేశించుట సులభము కాకపోయెను. చెన్నపురినుండి దుర్గాబాయిగారు అచ్చట చదువగోరినపుడు, స్త్రీలకు వసతిగృహము లేదన్న కారణము అడ్డుపడెను. ఆమె నిరాశ చెందక పత్రికలో ప్రకటన చేయించి, చదువగోరు స్త్రీలను కూర్చుకొని, వారికి వసతి యేర్పఱచి ప్రవేశము సాధించిన వైనమును తన స్వీయచరిత్రమున తెలిపినది. లక్షలు తెఱవలేని తలుపును ఒక చిన్న ప్రకటన తెఱచినది. కావలసినవారు ఎచ్చట నున్నారో కనుగొని వారికి వార్త చేర్చుట కూడ విద్యాదానములో భాగమే. 1937లో ఆమె చెన్నపురిలో స్థాపించిన ఆంధ్ర మహిళాసభ ఈ భావమునకే విస్తృతరూపము.

తలుపు తెఱచినను ఆకలి లోనికి రానీయదు. ఈ విషయమును గుర్తించినవారు తెలుగు చేనేత కుటుంబమున పుట్టిన పిట్టి త్యాగరాయ సెట్టిగారు. వారు నగరపాలక సంఘాధ్యక్షులుగా నుండగా 1920లో, థౌజండ్ లైట్స్ ప్రాంతమునందలి సంఘ పాఠశాలలో బాలురకు మధ్యాహ్న ఫలాహారము పెట్టుటకు తీర్మానమయ్యెను. తలకు దినమున కొక అణాకు మించరాదని నియమము. ఆ యేర్పాటు 1925లో ఆగిపోయినను, 1956లో కామరాజుగారి పాలనలో రాష్ట్రవ్యాప్తముగా మరల తలయెత్తెను. శిలాఫలకముపై చెక్కించుటకు అణా చిన్న మొత్తము. బడికి వచ్చు బిడ్డకు అది చిన్నది కాదు.

పేదబాలుడుగా ఈ నగరమునకు వచ్చి, వైద్యవ్యాపారమున ధనార్జన చేసిన కె. ఎన్. కేసరిగారు స్త్రీలకై ‘గృహలక్ష్మి’ పత్రికను నడిపి, రచయిత్రులకు స్వర్ణకంకణములిచ్చి గౌరవించిరి. మైలాపూరు విద్యాలయమునకు వారి పేరు నిలిచినది. ఒకప్పుడు ఆకలి యెఱిగినవాడు దాతయైనపుడు వాకిలి ఎట్లు తెఱవవలెనో అతనికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము ఈ విషయమున రెండు మాటలు చెప్పినది. భాషాల్పసంఖ్యాకులు తమ విద్యాలయములను స్థాపించి నడుపుకొనవచ్చునని ముప్పదవ అధికరణము. ప్రభుత్వ సాహాయ్యము పొందు విద్యాలయమున మత, జాతి, కుల, భాషా కారణములచేత మాత్రమే యెవరికిని ప్రవేశము నిరాకరింపరాదని ఇరువదితొమ్మిదవ అధికరణము. ఇల్లు మనది, వాకిలి అందఱిది. చెన్నపురి తెలుగు పాఠశాలలు ఈ రెండింటి నడుమనే బ్రదుకుచున్నవి. 2006వ సంవత్సరపు చట్టమువలన తమిళము నిర్బంధ పాఠ్యమైన తరువాత, తెలుగు తరగతిని నిలుపుకొనుటకు పూర్వవిద్యార్థుల అండ మునుపటికంటె ఎక్కువ అవసరమైనది.

ఇచ్చట నా తప్పు నొకదానిని చెప్పుకొనవలెను. కొన్ని వత్సరముల క్రిందట ఒక పాఠశాల ఉత్సవమునకై పూర్వవిద్యార్థుల పట్టిక వ్రాయు పని నాకు వచ్చినది. వైద్యులు, ఇంజనీర్లు, వర్తకులు, విదేశవాసులు అని వెదకి విజ్ఞప్తులు పంపితిని. ఒకనాడు వీధి మలుపున పూలమ్మునతడు నన్నాపి, “అయ్యవారూ, నేనూ ఈ బళ్ళో ఎనిమిది దాకా చదివినవాణ్ణే గదండీ, నాకు కాగితం రాలేదే!” అనెను. నేను సమాధానము చెప్పలేకపోతిని. అతడు తన తరగతివారి పేర్లను వ్రేళ్ళు మడచుచు చెప్పెను. పదునాలుగు పేర్లలో నా పట్టికలో నున్నవి రెండు.

నాటినుండి నాకు కొన్ని సంగతులు తెలియవచ్చినవి. పట్టికను బహుమతుల ఫలకమునుబట్టి కాక, ప్రవేశపుస్తకమునుబట్టి వ్రాయవలెను. వివాహానంతరము ఇంటిపేరు మాఱిన ఆడుబిడ్డలను పుట్టింటిపేరుతో వెదకనిచో సగము బడి మనకు కనబడదు. ఇంట తెలుగు మాటలాడుచు తమిళలిపి మాత్రమే చదువగలవారు ఈ నగరమున నెందఱో కలరు. విజ్ఞప్తి రెండు లిపులలోను ఉండవలెను. పది రూపాయలిచ్చినవాని పేరును, పదివేలిచ్చినవాని పేరును ఒకే పరిమాణపు అక్షరములతో అచ్చువేయవలెను. చేరిన సొమ్ములో కొంత గోడలకు కాక, బిడ్డల బస్సుఖర్చునకును, పుస్తకములకును కేటాయింపవలెను.

డెబ్బదివేల సంతకములు చేసినవారి పేర్లు నేడు మన కెవరికిని తెలియవు. కాని వారడిగినందువలననే మన పెద్దలు చదువుకొనిరి. పూర్వవిద్యార్థుల పట్టిక వ్రాయ కూర్చుండునప్పుడు, సంఘ సభ్యులు ఆ పేరులేని వారిని ఒక్కసారి తలచుకొనవలెనని నా ప్రార్థన.