జఠర పట్టీ చరిత్రలో 'విడుపు'

స్థూలకాయ చికిత్స కోసం 1983లో అమెరికాలో లుబోమిర్ కుజ్మాక్ జీర్ణాశయం పైభాగానికి చుట్టిన సిలికోన్ పట్టీ బిగుతు మార్చడానికి వీలులేనిది. వదులు చేయాలంటే మళ్లీ కోత తప్పదు. 1986లో ఆయన దానికి ఉబ్బే గుణాన్ని చేర్చారు. చర్మం కింది పోర్టు ద్వారా సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది.

బరువు నియంత్రణకు ఉద్దేశించిన ఈ ఏర్పాటే ఆపదలో రక్షణ మార్గమైంది. పట్టీ జారి, నీరు సైతం మింగుడుపడక, వాంతులు, తీవ్రమైన నొప్పి కలిగితే అత్యవసర విభాగంలోనే వైద్యులు హ్యూబర్ సూదితో సెలైన్ మొత్తాన్ని తీసివేస్తారు. పోర్టు పొరను తొలచని మొన దాని ప్రత్యేకత.

అయితే విడుపుతోనే చికిత్స ముగియదు. నొప్పి తగ్గకపోయినా, జారిన భాగానికి రక్తప్రసరణ ఆగినా శస్త్రచికిత్స అనివార్యం. సూది కోతను వాయిదా వేయగలిగింది గాని, దాని అవసరాన్ని పూర్తిగా తొలగించలేకపోయింది.