మతగణనములోని చిక్కులు



ఒక మతమువా రెందఱో తెలియుట తలలు లెక్కించినంత సులభము కాదు. అమెరికను బాప్టిస్టు మిషను 1890 ప్రాంతమున మన నల్లగొండలో నెలకొనెను. అంతకుముందే, 1878 జూలై 3వ తేదీన, ఒంగోలు సీమలో నా మిషనువా రొక్క దినముననే 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిరి. ఇది స్పష్టమైన లెక్కయే. కాని యీ లెక్క యెవరిది?

హాలియా చెంత నైదుగురు గల కుటుంబ మొకటి యున్న దనుకొందము. బాప్టిస్టులు శిశువులకు బాప్తిస్మ మియ్యరు గనుక, వారి పుస్తకమున తల్లిదండ్రు లిద్దఱే సభ్యులు. గుంటూరు సీమలోని లూథరనులు శిశువులకును నిత్తురు గనుక, అచ్చట నట్టి యింటివా రైదుగురును లెక్కకు వత్తురు. ఇట్టి రెండు సంఖ్యలను కూడుట మానికలను గజములతో కూడుట వంటిది.

సర్కారు లెక్కలో చిక్కు వేఱు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులముల హక్కులను హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అవి లభించెను; క్రైస్తవులకు లభింపలేదు. కావున ఆదివారము ప్రార్థనకు పోవుచును, కాగితమున హిందువులని వ్రాయించుకొనువారు కలరు. వారిని నిందించుటకు ముందు, ఆ ప్రశ్నకు సత్యము చెప్పిన పేదవాని బిడ్డ యేమి కోల్పోవునో విచారింపుడు. సంఖ్యను నమ్ముటకు ముందు ప్రశ్నను పరీక్షించుట పెద్దల ధర్మము.